గుడి లేని వీరులు

పల్నాటిలో ఎవరినైనా ఆపి "మీ గడ్డ మీద వీరుడెవరు?" అని అడగండి. తడుముకోకుండా బాలచంద్రుడంటారు. "మీ ఊళ్లో పేరున్న ఆటగాడెవరు?" అని అడగండి. బుర్ర గోక్కుంటారు. మొదటి జవాబు వయసు ఎనిమిది వందల ఏళ్లు. రెండోది ముప్పై ఏళ్లు కూడా నిలవడం లేదు. ఈ తేడా ఎక్కడ వచ్చిందో కళ్లారా చూద్దామని సంక్రాంతి సందడి సద్దుమణిగాక శావల్యాపురం బయల్దేరాను.

గుంటూరు–గుంతకల్లు రైలుమార్గంలో నరసరావుపేటకూ వినుకొండకూ నడుమ ఉంటుందీ ఊరు. పేట దాటగానే ఎడంచేతి వైపు కోటప్పకొండ మూడు శిఖరాలూ కనిపిస్తాయి. పెట్టెలో ఉన్నవాళ్లలో సగంమంది చేతులెత్తి త్రికూటేశ్వరుడికి దండం పెట్టారు. మిగతావాళ్లు శివరాత్రికి తమ ఊరి ప్రభ ఎంత ఎత్తు కడుతున్నారన్న చర్చలో పడ్డారు. వెదురుబొంగులతో గోపురంలా కట్టి, నిలువెల్లా కరెంటు దీపాలు అలంకరించి, ఊరంతా కలిసి కొండ దగ్గరికి లాక్కెళ్లే ప్రభలవి. కొన్ని వంద అడుగుల దాకా లేస్తాయి. అదేమీ పోటీ కాదని పైకి అందరూ అంటారు. పక్క ఊరి ప్రభ మనకంటే రెండడుగులు ఎక్కువ లేచిందని తెలిసిన రోజున మాత్రం ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. శావల్యాపురం మాత్రం ఎప్పటిలాగే మండల కేంద్రం. దీని హోదా పెరిగింది రైలు పట్టాల మీదే. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త లైను పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చి ఇక్కడే పాత లైనులో కలుస్తుంది. స్టేషను బయటికొస్తే మళ్లీ పల్లెటూరే. సాగర్ కాలువ నీళ్లు అందిన చోట వరి, అందీ అందని చోట మిరప, పత్తి. కొత్త మిరపకాయల ఘాటు గాలిలో తిరుగుతోంది. కల్లాల్లో పరదా పట్టాల మీద ఎర్రగా ఆరబోసిన కాయల్లోంచి ఆడవాళ్లు తాలు ఏరుతున్నారు.

సెంటర్లో టీకొట్టు ఎదుట ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. అంతకుముందు జరిగిన ఎడ్ల బండలాగుడు పోటీలదట. మామూలుగా మన ఫ్లెక్సీల మీద నాయకులు పెద్దగా, మిగతా లోకం చిన్నగా ఉంటుంది. ఇక్కడ నాయకులు పైన బిళ్లల్లో సర్దుకున్నారు. నిలువెత్తున నిలబడ్డవి రెండు ఒంగోలు గిత్తలు. తెల్లటి ఒళ్లు, పక్కకు ఒరిగిన మూపురం, మోకాళ్ల దాకా వేలాడే గంగడోలు, మెడలో పట్టెడ. వాటి పక్కన పగ్గం పట్టుకుని నిలబడ్డ ఆసామి బిడియంగా నవ్వుతున్నాడు.

"ఏ ఊరు నాయనా మనది? ఎడ్ల కోసం వచ్చుండారా?" అని బల్ల మీద కూర్చున్న పెద్దాయన పలకరించాడు. ఆటల కోసమన్నాను. "ఇదీ ఆటేగా" అన్నాడు, ఫ్లెక్సీ వైపు గడ్డం ఎత్తి.

ఆ ఆట ఎలా నడుస్తుందో ఆయనే చెప్పుకొచ్చాడు. గిత్తల వయసు పళ్లను బట్టి లెక్క. పాలపళ్లవి ఒక విభాగం, రెండు పళ్లవి ఒకటి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి వేరువేరు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. విభాగం పెరిగేకొద్దీ రాతిబండ బరువు పెరుగుతుంది. కాడికి గొలుసు తగిలించి, గడువు పెట్టి వదులుతారు. ఆ గడువులో జత అటూ ఇటూ తిరుగుతూ ఎంత దూరం బండను లాగిందో అదే ఫలితం. టేపు పెట్టి కొలుస్తారు. వేల అడుగులు లాగినా చివరి అంగుళం దాకా లెక్క రాయాల్సిందే. ఎందుకంటే పందెం చాలాసార్లు ఆ అంగుళాల్లోనే తేలుతుంది. మైకు ముందు కూర్చున్నవాడు ఒక్క నిమిషం ఊపిరి తీసుకోడు. ఎన్నో రౌండు, ఎంత సమయం మిగిలింది, ముందున్న జతకూ దీనికీ తేడా ఎంత, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. ఎండలో నిలబడ్డ జనం ఆ మాటల ఊపుకే కండువాలు గాల్లోకి విసురుతారు.

"గిత్తలకు పేర్లుంటాయా?" అని అడిగాను.

"ఇంటికాడ పిలుచుకోడానికి ఉంటయ్. బరిలోకొస్తే పేరెందుకు? ఫలానా ఊరి గిత్తలంటే సరిపాయె. ఎగస్పార్టీ వాళ్లు కూడా ఆ రోజుకు మన గిత్తల దిక్కే."

ఆ జతకు పెట్టిన ఉలవలు, పత్తిగింజలు, తవుడు, కోడిగుడ్ల ఖర్చు చెప్పి, బహుమతి డబ్బు చెప్పి, రెండింటికీ పొంతన లేదని తనే తేల్చేశాడు. లాభం కోసం ఈ పని చేసేవాడు ఎవడూ ఉండడట. గిత్త ముసలిదైతే అమ్ముతారా అంటే మాత్రం ముఖం తిప్పుకున్నాడు.

ఒంగోలు గిత్తకు ఆటల్లో గౌరవం కొత్తేమీ కాదు. 2002లో ఆంధ్రప్రదేశ్ జాతీయ క్రీడలు జరిపినప్పుడు క్రీడల చిహ్నంగా ఎంచుకున్నది దీన్నే. పేరు కూడా 'వీర' అనే పెట్టారు. సముద్రాలు దాటి బ్రెజిల్ చేరిన ఈ జాతి అక్కడ నెలోర్ అనే పేరుతో కోట్ల సంఖ్యకు పెరిగింది. బండ లాగడం గిత్తకు ఇష్టమేనా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ మాట ఎవరూ గిత్తనడగలేదు. కానీ ఊరంతా కలిసి ఒకరిని తమవాడనుకోవడం, ఆ ఒక్కడు గెలిస్తే అప్పులూ తగాదాలూ మరిచి ఒక సాయంత్రం గడపడం, ఇక్కడ ఇంకా బతికే ఉందని ఆ ఫ్లెక్సీ చెప్పింది. బరిలో మనిషికి బదులు గిత్త నిలబడిందంతే.

సాయంత్రం బడి ఆవరణలోకి వెళ్లాను. కుర్రాళ్లు డబ్బాతో సున్నం పోసుకుంటూ గీతలు గీస్తున్నారు. నడిగీత వంకరొచ్చిందని ఒకడు, రాలేదని ఒకడు. చెప్పులన్నీ వేపచెట్టు కింద కుప్ప. కబడ్డీ అంటున్నారు కానీ కూత మాత్రం పాతదే. చెడుగుడు, చెడుగుడు అంటూ బక్కపలచటి పిల్లాడొకడు గీత దాటాడు. అవతల ఏడుగురూ చేతులు కలుపుకుని గొలుసులా వెనక్కి జరిగారు. వాడు నేరుగా వెళ్లలేదు. కుడిమూలకు వెళ్తున్నట్టు భుజం వంచి, ఎడమకాలితో మూలనున్నవాడి మోకాలు తాకి, గాల్లోనే వెనక్కి మళ్లాడు. ఇద్దరు మీద పడ్డారు. వాడు నేలమీద బోర్లా పడి, కూత సన్నగా తెగిపోబోతుండగా, వేళ్లు చాపి గీతను అందుకున్నాడు. గోళ్లలో సున్నం. అందింది అని ఒక జట్టు, కూత తెగాక అందిందని మరో జట్టు. తీర్పరి లేడు. ఐదు నిమిషాలు అరుచుకుని, వాళ్లలో వాళ్లే రాజీపడి, మళ్లీ ఆడారు.

గోడమీద కూర్చుని చూస్తున్న నడివయసు ఆసామి ఒకాయన "ఇదేం పట్టండీ" అని పెదవి విరిచాడు. "మా చిన్నప్పుడు ఒకాయన ఆడేవాడు. చీలమండ అందుకున్నాడా, ఉడుంపట్టే. కారుమంచి, వేల్పూరు, ఎక్కడ పందెం పెట్టినా ఆయన లేకుండా జట్టు కదిలేది కాదు. పొలంలో నీళ్లు కట్టే మనిషిని గట్టు మీంచే సైకిలెక్కించుకుపోయేవాళ్లు. ఒంటి మీద మట్టితోనే ఆడేవాడు."

పేరేమిటని అడిగాను. ఆయన పక్కవాణ్ని అడిగాడు. పక్కవాడు ఇంటిపేరు గుర్తుచేసుకున్నాడు, అసలు పేరు రాలేదు. ఆటగాడు పోయి చాలా కాలమైంది. ఫొటో ఉండి ఉండదు. బడి గోడ మీద దేశనాయకుల బొమ్మలున్నాయి, సూక్తులున్నాయి, ఆ ఆవరణలో ఆడినవాళ్ల పేర్లు ఒక్కటీ లేవు.

ఆ రాత్రి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకుతో ఫోన్లో ఈ సంగతి చెప్పాను. వాడు నవ్వాడు. "పెద్దనాన్నా, ఇక్కడ దానికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఆదివారం ఎనభై వేలమంది ముందు ఆడినవాడు సోమవారం పొద్దున బడిలో పిల్లలకు లెక్కలు చెప్తుంటాడు. పైసా జీతం ఉండదు. అయినా చనిపోయి యాభై ఏళ్లయిన ఆటగాడి పేరు కూడా వీధిలో పిల్లాడు చెప్తాడు."

ఐర్లండులో రెండు ఆటలంటే జనానికి ప్రాణం. ఒకటి హర్లింగ్, రెండోది గేలిక్ ఫుట్‌బాల్. హర్లింగ్‌లో బూడిదరంగు బెరడుండే యాష్ చెట్టు కర్రతో చేసిన బ్యాటు, చేతిలో ఇమిడే తోలుబంతి; జట్టుకు పదిహేనుమంది. బంతి అడ్డుకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలో పడితే మూడు. బ్రిటిషు పాలనలో ఇంగ్లండు ఆటల కింద ఇవి నలిగిపోతున్నాయని 1884 నవంబరు 1న థర్లెస్ అనే ఊళ్లో ఒక హోటల్లో కొద్దిమంది కూడి గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టారు. దాని పునాది ఊరు. చర్చి పరిధిలోని పల్లెలన్నీ కలిసి ఒక క్లబ్బు, క్లబ్బుల్లో మెరికల్లాంటివాళ్లతో జిల్లా జట్టు. పుట్టిన ఊరి జట్టుకు ఆడటమే రివాజు. వేలంపాటలో ఆటగాణ్ని కొనుక్కోవడం అన్న మాటే లేదు. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో 82 వేలమందికి పైగా కూర్చోవచ్చు. ఆడేవాళ్లకు మాత్రం జీతం ఉండదు.

అక్కడ జనం నెత్తిన పెట్టుకున్నవాళ్ల కథలు వింటే మన రచ్చబండ మాటల్లా ఉంటాయి. క్లోయిన్ అనే పల్లెలో పుట్టిన క్రిస్టీ రింగ్ పొట్టకూటికి చమురు లారీ తోలాడు. కార్క్ జిల్లాకు హర్లింగ్ ఆడి ఎనిమిదిసార్లు అఖిల ఐర్లండు పతకం గెలిచాడు. 1979లో ఆయన చనిపోతే దేశ ప్రధాని జాక్ లించ్ సమాధి దగ్గర నిలబడి నివాళి చదివాడు. ప్రధాని హోదాతో పాటు ఆయనకు మరో అర్హత కూడా ఉంది: ఒకప్పుడు రింగ్‌తో కలిసి అదే జట్టులో ఆడాడు. వలెన్షియా అనే దీవి నుంచి వచ్చిన మిక్ ఓకానెల్ సాధనకు పడవ తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు వచ్చేవాడు. 1959లో కెర్రీ జిల్లా జట్టుకు నాయకుడిగా ఫుట్‌బాల్ కప్పు గెలిచి, ఆ సంబరాల్లో నిలవకుండా తిన్నగా దీవికి వెళ్లిపోయాడు. కప్పును బట్టలు మార్చుకునే గదిలోనే మరిచిపోయాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు.

పతకాల కుప్ప ఉన్నవాడికే ఈ ఆరాధన అనుకోనక్కర్లేదు. 1982 ఫుట్‌బాల్ ఫైనల్లో కెర్రీ వరసగా ఐదో కప్పు కోసం ఆడుతోంది. అంతకుముందు ఎవరూ సాధించని ఘనత. ఆట ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా, చివర్లో మారుఆటగాడిగా దిగిన షేమస్ డార్బీ అనే ఆఫలీ జిల్లావాడు ఒకే ఒక్క గోలు కొట్టాడు. ఒక్క పాయింటు తేడాతో ఆఫలీ గెలిచింది. ఆ ఒక్క తన్నుతో అతని పేరు నిలిచిపోయింది. ఇక షాన్ ఓగ్ ఓ హాల్పిన్ పుట్టింది ఫిజీలో. తల్లి అక్కడి రొటూమా దీవి మనిషి. పిల్లవాడిగా కార్క్ వచ్చి, హర్లింగ్ నేర్చి, 2005లో కార్క్ నాయకుడిగా కప్పు ఎత్తి ఐరిష్ భాషలో ప్రసంగించాడు. ఎక్కడ పుట్టావని అతన్ని ఎవరూ అడగలేదు. ఎవరి కోసం ఆడాడో చూశారు.

ఇక బాలచంద్రుడి పేరు ఎలా నిలిచిందో చూద్దామని మర్నాడు పొద్దున్నే ఈపూరు మీదుగా కారంపూడి బయల్దేరాను. దారిపొడుగునా మిరప చేలు, మధ్యలో బీడుభూములు, దూరంగా నల్లమల అంచున బారుగా కొండలు. ఆర్టీసీ బస్సులో నా పక్కన కూర్చున్న ముసలమ్మ నేను వీరుల గుడికి వెళ్తున్నానని వినగానే "తిరణాల అయిపోయిందిగా బాబూ, ఇప్పుడేముంటది?" అంది. అంతలోనే తన చీరకొంగు ముడి విప్పి పది రూపాయలు నా చేతిలో పెట్టి హుండీలో వేయమంది. ఆవిడ ఊరు ఆమడ దూరంలో ఉంది. పాపం, ఈసారి తిరణాలకు మోకాళ్ల నొప్పులతో రాలేకపోయిందట.

నాగులేరు ఒడ్డున ఉంది వీరుల గుడి. పండగ లేని రోజుల్లో సద్దు ఉండదు. 12వ శతాబ్దంలో ఈ నేల మీద జరిగిన యుద్ధంలో పడిపోయిన అరవై ఆరుగురు వీరనాయకులు ఇక్కడ లింగాలై కొలువున్నారు. వరసలు తీరిన రాళ్లు. కొన్ని నూనె తాగి నల్లగా మెరుస్తున్నాయి, కొన్నిటి మీద పసుపు ఎండి పొరలు కట్టింది. ఒక రాయి ముందు ఎవరో ఆ పొద్దునే పెట్టిన బంతిపూలు. ముసలమ్మ పది రూపాయలూ హుండీలో వేశాను.

ఈ వీరులందరిదీ ఒక రకంగా ఆటతో మొదలైన కథే. గురజాల నలగామరాజు పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల మలిదేవాదుల పక్షాన బ్రహ్మనాయుడు కోళ్లను బరిలోకి దించారు. నాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగిడేగ. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలని పందెం. మాచర్ల పక్షం ఓడింది, వలస పోయింది. గడువు తీరాక రాజ్యం అడగడానికి రాయబారిగా వెళ్లిన అలరాజును విషం పెట్టి చంపారు. దాంతో కారంపూడి రణరంగమైంది.

బాలచంద్రుడి కథలోనూ మలుపు తిప్పింది ఆటవస్తువే. పెద్దలంతా యుద్ధానికి వెళ్తే, పసివాడని తల్లి ఐతాంబ అతన్ని మేడపిలో దాచింది. అతను బొంగరాలాడుతుంటే బొంగరం ఎగిరి దారినపోయే ఒక వైశ్య స్త్రీ కాలికి తగిలింది. నీ వాళ్లు అక్కడ చావుబతుకుల్లో ఉంటే నీకిక్కడ బొంగరాలాటా అని ఆమె నిలదీసింది. ఆ మాటతో అతను రణానికి బయల్దేరాడు, తిరిగి రాలేదు. ఐర్లండు పురాణంలోనూ ఇలాంటి పిల్లవాడే ఉన్నాడు. పేరు సెటాంటా. విందుకు వెళ్తూ దారంతా హర్లింగ్ బంతి ఆడుకుంటూ పోతాడు. కులన్ అనే కమ్మరి ఇంటి కాపలా కుక్క మీద పడితే, బంతిని దాని గొంతులోకి కొట్టి చంపుతాడు. కుక్క పోయిందని కమ్మరి బాధపడితే, ఆ కాపలా తనే కాస్తానంటాడు. అలా కుహూలిన్ అనే వీరుడయ్యాడు, అతనూ పడుచుప్రాయంలోనే యుద్ధంలో పోయాడు. డబ్లిన్ పెద్ద తపాలా కార్యాలయంలో అతని కంచు విగ్రహం ఉంది. బ్రిటిషు పాలన మీద 1916లో జరిగిన తిరుగుబాటు గుర్తుగా దాన్ని అక్కడ నిలిపారు. హర్లింగ్ ఆడేవాడు ఎవడైనా తమ ఆటకు తొలి మొనగాడు ఇతనే అంటాడు.

బాలచంద్రుడు ఒక్కడే పోలేదు. తమ్ముళ్లుగా వెంట నడిచినవాళ్లలో బ్రాహ్మణుడు అనపోతు ఉన్నాడు, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి ఉన్నారు. బ్రహ్మనాయుడు పెద్దకొడుకుగా చూసుకున్న కన్నమదాసు మాలవాడు, సేనకు నాయకుడు. అందరూ కలిసి ఒకే చాపమీద తిన్న కూడే చాపకూడు. ఇక్కడికి దగ్గర్లోని వినుకొండలో 1895లో పుట్టిన కవి గుర్రం జాషువాను ఊళ్లు అంటరానివాడని నెట్టేశాయి. కన్నమదాసుకు మొక్కే నేలమీదే అది జరిగింది. కాబట్టి చాపకూడు గురించి గొప్పలు పోవడం తేలిక, దాన్ని నిలబెట్టుకోవడం కష్టం. ఊరి జట్టులో మాత్రం నేను నిన్న చూసిందీ అదే చాప. గీత దగ్గర పడ్డవాడి కాళ్లు పట్టి లాగినవాళ్లలో ఎవరు ఏ పేటవాళ్లో వాళ్లకు పట్టలేదు.

కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఇక్కడ జరిగే తిరణాలలో ఈ కథంతా మళ్లీ నడుస్తుంది. మొదటి రోజు రాచగావు, రెండో రోజు రాయబారం, మూడో రోజు మందపోరు, నాలుగో రోజు కోడిపోరు, చివరిది కళ్లిపాడు. మందపోరు నాడు చాపకూడు వండి వడ్డిస్తారు. కోడిపోరు నాడు రెండు పుంజుల్ని ఎదురెదురుగా నిలిపి పందెం ఘట్టం నడుపుతారు. వీరాచారవంతులు పల్లెపల్లె నుంచి తమ వంశానికి దక్కిన వీరుడి ఆయుధాలతో వస్తారు. కొణతాలంటారు వాటిని. నాగులేట్లో స్నానం చేయించి గుడికి తెస్తారు. వీరవిద్యావంతులు పంబ మోగిస్తూ, కత్తి చేతబట్టి రాత్రుళ్లు కథ పాడతారు. శ్రీనాథుడి పేరుతో ఉన్న పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి అచ్చువేసింది 1911లో. అంతకు ఎన్నో తరాల ముందునుంచీ దాన్ని మోసినవి ఈ గాయకుల గొంతులే. జీన్ రోగేర్ అనే అమెరికన్ పండితుడు అలిశెట్టి గాలెయ్య పాడగా రికార్డు చేసుకుని 1982లో పుస్తకం వేశాడు. సినిమావాళ్లు 1947లో ఒకసారి, 1966లో ఒకసారి పల్నాటి యుద్ధం తీశారు. మొదటిదాంట్లో అక్కినేని బాలచంద్రుడు, రెండోదాంట్లో ఎన్టీఆర్ బ్రహ్మనాయుడు.

గుడి అరుగు మీద కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి బోధపడింది. ఈ వీరుల్లో గెలిచినవాడు లేడు. పందెం ఓడారు, రాజ్యం పోయింది, యుద్ధంలో రెండు పక్షాలూ నేలరాలాయి. అయినా బస్సులో ముసలమ్మ కొంగున పది రూపాయలు కట్టుకుంది. పేరు నిలబడటానికి గెలుపు అవసరం లేదని పల్నాటికి ఎప్పుడో తెలుసు. అవసరమైనవి వేరే ఉన్నాయి: చెప్పుకోడానికి ఒక చోటు, కలుసుకోడానికి ఒక తేదీ, పాడేందుకు ఒక గొంతు, ఆ బాధ్యత మోసేందుకు కొన్ని కుటుంబాలు. ఈ నాలుగూ ఉన్నాయి కాబట్టే బాలచంద్రుడు ఉన్నాడు. ఉడుంపట్టు ఆటగాడికి ఇందులో ఒక్కటీ లేదు. ముప్పై ఏళ్లకే పేరు జారిపోయింది.

ఐర్లండువాళ్లు చేసిన పని సరిగ్గా ఇదే. 1920 నవంబరు 21న క్రోక్ పార్క్‌లో డబ్లిన్, టిప్పరెరీ జట్లు ఫుట్‌బాల్ ఆడుతుండగా బ్రిటిషు బలగాలు లోపలికొచ్చి కాల్పులు జరిపాయి. 14 మంది పోయారు. వాళ్లలో టిప్పరెరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. నాలుగేళ్లకు అదే మైదానంలో ఒక స్టాండుకు అతని పేరు పెట్టారు. ఇప్పుడు కప్పు గెలిచిన నాయకుడు ఎవడైనా హోగన్ స్టాండు మెట్లెక్కే దాన్ని అందుకోవాలి. హోగన్ పోయిన పదిహేను నెలలకు, 1922 ఫిబ్రవరిలో, కారంపూడికి ఎంతో దూరం లేని మించాలపాడులో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతును అదే సామ్రాజ్యపు పోలీసులు కాల్చి చంపారు. ఆయన పేరు పల్నాడు మరవలేదు, విగ్రహాలు పెట్టింది, పాటలు కట్టింది. అంటే మరవకుండా ఉండే విద్య మనకు చేతకాక కాదు. ప్రాణమిచ్చినవాడికి ఆ విద్య వాడాం, ఊరి కోసం చెమటోడ్చినవాడికి వాడలేదు.

ఆటగాణ్ని గుడికెక్కించమని నేననను. గుడి అక్కర్లేదు, గోడ చాలు. క్రోక్ పార్క్ లాంటి మైదానం కట్టడానికి కోట్లు కావాలి. బడి గోడ మీద పేర్లు రాయడానికి ఒక డబ్బా రంగు, ఒక ఆదివారం సరిపోతాయి. మీ ఊళ్లో చెడుగుడు ఆడినవాళ్లు, వాలీబాల్ నెట్టు దగ్గర బంతిని నేలకు దించినవాళ్లు, మండలం దాటి జిల్లాకు ఆడి వచ్చినవాళ్లు కొందరైనా ఉండే ఉంటారు. వాళ్లను చూసిన కళ్లు ఇంకా ఉన్నాయి కానీ ఎక్కువ కాలం ఉండవు. ఈ వేసవి సెలవుల్లో ఆ పెద్దల దగ్గర కూర్చుని ఆటగాడి పేరు, ఇంటిపేరు, ఏ జట్టుకు ఆడాడు, ఏ పందెంలో ఏం చేశాడు అన్నవి ఒక నోటుపుస్తకంలో రాయించండి. పేర్లు గోడకెక్కించండి. ఏడాదికొకసారి, సంక్రాంతికో శివరాత్రికో, ఆ గోడ ముందు పిల్లల పందెం ఒకటి పెట్టండి. గిత్తల ఫ్లెక్సీకి చందాలేసిన ఊళ్లకు ఇది భారం కాదు.

శావల్యాపురం కుర్రాళ్లకు ఈ మాట చెప్పాలని తిరుగుదారిలో మళ్లీ అక్కడ దిగాను. ఉడుంపట్టు ఆటగాడి మనవడు పక్క వీధిలోనే ఉంటాడట. తాత పేరు వాడికి తెలుసట. ఆ పేరు ఇక్కడ నేను రాయడం లేదు. దాన్ని ముందు రాయాల్సింది వాళ్ల బడి గోడ మీద.